స్వర జిజ్ఞాస: అమామి దీవి గొంతు

గత సంచికలో జపాన్ జానపద సంగీతం మీద వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ, అమామి దీవికి చెందిన గాయని హాజిమె చితొసె పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని పాఠకులు ఆమె పాటలు వెతికి విని, నేను ఊహించనన్ని సందేహాలు రాసి పంపారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆమెకూ ఆ దీవి పాటకూ కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా పిల్లలకు సంగీతం చెబుతున్నాను. మీరు పేర్కొన్న జపాన్ అమ్మాయి పాటను మా మేనల్లుడు వినిపించాడు. గొంతు బాగానే ఉంది గాని, దాదాపు ప్రతి పాదం చివరా స్వరం ఉన్నట్టుండి విరిగి పైకి పోతోంది. మా గురువుగారైతే ‘దొంగ గొంతు’ అని అక్కడికక్కడే ఆపించి మళ్లీ పాడించేవారు. పైగా ఆమెది ‘నూరేళ్లకొకసారి వినిపించే గొంతు’ అని ప్రచారం చేశారట. లోపాన్నే గొప్పగా చెప్పుకుంటున్నారా, లేక నాకే వినడం చేతకావడం లేదా? (ఒక సంగీత ఉపాధ్యాయిని, విజయనగరం)

జవాబు: మీ చెవి పొరపడలేదు. స్వరం విరుగుతున్న మాట నిజమే. అయితే అది అదుపు తప్పి విరగడం లేదు. ఆమె కావాలని, అనుకున్న చోట, అనుకున్నంత మేరకే విరుస్తున్నారు. అమామిలో దీనిని ‘గుయిన్’ అంటారు. మామూలు గొంతుతో పాడేటప్పుడు స్వరతంత్రులు మందంగా, నిండుగా కంపిస్తాయి. దొంగ గొంతులో వాటి అంచులు మాత్రమే పలచగా కంపిస్తాయి. ఒక స్థితి నుంచి మరొక స్థితికి రెప్పపాటులో దాటి మళ్లీ వెనక్కు రావడమే గుయిన్. ఆల్ప్స్ పర్వతాల పశువుల కాపరులు పాడే యోడలింగులోనూ ఇదే కీలకం ఉంది గాని, అక్కడి దూకుడు పెద్దది, కొండకు వినిపించడానికి వేసే కేక వంటిది. అమామిలోని విరుపు చాలా చిన్నది. ఒక అక్షరం తోకను పట్టుకుని తృటిలో తిప్పి వదిలేస్తారు.

మన పద్ధతిలో గొంతు ఎక్కడ స్థాయి మారిందో శ్రోతకు తెలియకుండా పాడడమే సాధన. గమకం ఎంత వంకర తిరిగినా దారం తెగకూడదు, అతుకు కనబడకూడదు. అమామి పాటలో అందమంతా ఆ అతుకులోనే ఉంది. పట్టుచీరలో ఒంటి రంగు, అంచు రంగు కలిసేచోట నేతగాడి పనితనాన్ని వెతికే మనిషి ఎలా చూస్తాడో, అక్కడి శ్రోత గొంతు మారే చోటును అలా వింటాడు. మీ గురువుగారు ఆపించడం న్యాయమే. ఆయన నేర్పుతున్న సంగీతానికి అది లోపం. అయితే ఆ న్యాయాన్ని ఓడలో పెట్టి అక్కడికి పంపలేం.

ఇక నూరేళ్ల మాట. అది 2002లో ఆమె తొలి పాట వచ్చినప్పుడు విరివిగా వాడిన ప్రచార వాక్యం. అంతకు ఎన్నో ఏళ్ల ముందే తకెషితా కజుహిరా అనే గాయకుణ్ణి ‘నూరేళ్లకొక్కడు’ అని అదే అమామిలో కొనియాడారు. ఆయన పుట్టిన కకెరొమా దీవి, చితొసె పుట్టిన కతెత్సు పల్లె రెండూ సెతోఉచి పట్టణ పరిధిలోనివే. ఒకే పట్టణంలో ఒకరు బతికి ఉండగానే నూరేళ్లకొకసారి పుట్టే గొంతు రెండోది కూడా పుట్టిందంటే, ఆ లెక్క గొంతుల గురించి చెప్పేది తక్కువ, ఆ ఊళ్ల గురించి చెప్పేది ఎక్కువ. జపాన్ ప్రధాన భూభాగపు శ్రోతలు ఒక మనిషి అద్భుతంగా విన్నది, దీవిలో పల్లె పల్లెకూ ఉన్న అలవాటు. ఆ అలవాటులో ఆమె మేటి అన్నది వేరే సంగతి. అందులో నాకు సందేహం లేదు.

ఈ దొంగ గొంతు అసలు ఎందుకు పుట్టిందన్న దానికి పండితులు, గాయకులు పలు కారణాలు చెబుతారు. అక్కడ స్త్రీ పురుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి చరణానికి మరొకరు చరణంతో బదులిస్తూ పాడతారు. శ్రుతి మాత్రం ఒకటే. స్త్రీకి అనువైన పై శ్రుతిలో పురుషుడూ పాడాలంటే అతనికి దొంగ గొంతు తప్పదు. అందువల్ల అమామి మగవారి పాట కూడా మీకు సన్నగా, ఎత్తుగా వినిపిస్తుంది. మరికొందరు దీనికి మూలం విశ్వాసంలో ఉందంటారు. సోదరి ఆత్మకు సోదరుణ్ణి కాపాడే శక్తి ఉందని ఆ దీవుల్లో పూర్వం నమ్మేవారు; ఆ శక్తిని ‘ఒనారిగామి’ అంటారు. ‘యొయిసురా బుషి’ అనే పాత పాటలో, పడవ వెనుక కొస మీద వాలిన తెల్ల పిట్ట పిట్ట కాదనీ, అది తోబుట్టువు దైవమనీ ఒక చరణం ఉంది. సముద్రం మీదికి పోయినవాణ్ణి కాచేది ఆడగొంతేనని నమ్మిన చోట, పాడే మగవాడు ఆ ఎత్తును అందుకోవాలని చూడడం సహజం. నాకు ఈ రెండు కారణాలూ పక్కపక్కన నిలబడగలవనే అనిపిస్తుంది. ఆ దీవివారు పూర్వం పరాయి ఏలుబడిలో పడ్డ ‘బానిసత్వపు దుఃఖం గొంతును చీల్చింది’ అన్న మూడో వివరణ పర్యాటకుల పుస్తకాలకు బాగుంటుంది గాని, పెళ్లి పాటలోనూ విందు పాటలోనూ అదే విరుపు ఎందుకుందో అది చెప్పలేదు.

ప్రశ్న: ఆమె పేరును ఒకచోట ‘చితొసె హాజిమె’ అనీ మరోచోట ‘హాజిమె చితొసె’ అనీ చూశాను. ఏది సరి? హాజిమె మగవారి పేరు కాదా? (ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: హాజిమె ఇంటిపేరు, చితొసె పెట్టిన పేరు. జపాన్‌లోనూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది గనుక, తెలుగువారు దానిని తిరగేయవలసిన అవసరం లేదు. జపాన్‌లో హాజిమె అన్నది మగపిల్లలకు పెట్టే పేరు కూడా కావడంతో అక్కడివారే తికమకపడుతుంటారు. ఆ ఇంటిపేరును ఒకే చైనా అక్షరంతో రాస్తారు. జపాన్‌లో ఇంటిపేర్లు చాలావరకు రెండక్షరాలవి. ఒంటి అక్షరపు ఇంటిపేర్లు అమామిలో అసాధారణంగా ఎక్కువ. ఆ దీవులను పాలించిన సత్సుమా సంస్థానం, అక్కడివారు తమవారి నుంచి వేరుగా కనబడేందుకు పెట్టిన కట్టుబాటు దీనికి కారణమని చెబుతారు. తర్వాతి తరం గాయకులు అతారి కొసుకె, కిజుకి మినామిల ఇంటిపేర్లు కూడా ఒంటి అక్షరాలే. పేరు చదవగానే ఊరు తెలిసిపోవడం మనకు కొత్తేమీ కాదు.

ప్రశ్న: ‘షిమా’ అంటే దీవి, ‘ఉతా’ అంటే పాట అని నిఘంటువులో చూశాను. అలాగైతే షిమాఉతా అంటే దీవి పాట. ఒకినవా పాటలను కూడా అలాగే అంటున్నారు. రెండూ ఒకటేనా? మన రాగాల్లో వాటికి పోలిక ఉందా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: నిఘంటువు సగమే చెప్పింది. అమామి వాడుకలో ‘షిమా’ అంటే దీవి అన్నదాని కంటే ముందు ‘మా ఊరు’ అని అర్థం. అమామి ఒషిమా సుమారు 712 చదరపు కిలోమీటర్ల దీవి. జపాన్ పెద్ద దీవుల్లో దక్షిణాన ఉండే క్యుషు చివరి కొసన ఉన్న కగొషిమా నగరానికి దాదాపు 380 కిలోమీటర్ల దూరంలో, ఇంకా దక్షిణాన ఉన్న ఒకినవాకు వెళ్లే దారిలో ఉంది. నిటారైన కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. వాటి మధ్య చిన్న చిన్న ఒడ్డుల్లో పల్లెలు విడివిడిగా కుదురుకున్నాయి. పక్క పల్లెకు వెళ్లాలంటే కొండ ఎక్కి దిగాలి, లేదా పడవ కట్టాలి. అటువంటి ఒక్కొక్క పల్లె ఒక్కొక్క షిమా. కాబట్టి షిమాఉతా అంటే ‘ఊరి పాట’. ఒకే పాటకు ఈ ఊళ్లో ఒక నడక, కొండ అవతలి ఊళ్లో మరొక నడక ఉండడం అందుకే. స్థూలంగా చూస్తే ఉత్తరాన కసన్ బాణీ, దక్షిణాన హిగ్యా బాణీ అని రెండు. ఉత్తరపు బాణీ నిదానంగా, బరువుగా నడుస్తుంది. దక్షిణపు బాణీలో ఎత్తుపల్లాలు, మలుపులు ఎక్కువ. అక్కడి కొండలు అంత నిటారుగా ఉండడమే కారణమని దీవివారు నవ్వుతూ చెబుతారు. చితొసెది దక్షిణపు బాణీ.

షిమాఉతా అన్న మాట మొదట అమామిదే. ఒకినవా పాటలకు ఆ పేరు తర్వాత అంటుకుంది; 1992లో ‘ది బూమ్’ అనే రాక్ బృందం ‘షిమాఉతా’ పేరుతోనే ఒక పాటను విడుదల చేసి దేశమంతా మారుమోగించాక, జపాన్ శ్రోతల మనసులో ఆ మాట ఒకినవాకు స్థిరపడిపోయింది. ఆ పాట రాసిన మియజవా కజుఫుమి ఒకినవావాడు కాదు, సముద్రమే లేని యమనషి జిల్లావాడు. ఆ పాటను నేను తక్కువ చేయడం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకినవాలో జరిగిన పోరు విషాదాన్ని అంత మందికి చేర్చిన పాట మరొకటి అరుదు. కాని దాని పుణ్యమా అని అమామివారు ఇప్పటికీ ‘మాది ఒకినవా కాదండీ’ అని చెప్పుకోవలసి వస్తోంది.

మీ రెండో ప్రశ్న ఈ తేడాను విప్పడానికి మంచి తాళంచెవి. ఒకినవా పాటల్లో ప్రసిద్ధమైన ఐదు స్వరాల వరుస ఏదంటే షడ్జం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కాకలి నిషాదం. మీరు వెంటనే పోల్చుకుంటారు, అవి గంభీరనాట స్వరాలు. గుడి ఉత్సవంలో స్వామి పల్లకి కదిలేటప్పుడు నాదస్వరం మీద మల్లారి విన్నవారికి ఒకినవా పాట తొలి వినికిడిలోనే చుట్టంలా తోస్తుంది. అమామి పాటల్లో ఆ వరుస కనబడడం అరుదు. అక్కడ అర్ధస్వరాల దగ్గరితనం లేని ఐదు స్వరాలు వస్తాయి. కొన్ని పాటల్లో అవి శుద్ధ ధన్యాసి స్వరస్థానాలకు, మరికొన్నింటిలో శుద్ధ సావేరి స్వరస్థానాలకు సరిపోతాయి. ఈ రకపు వరుసలు జపాన్ ప్రధాన భూభాగపు జానపదాల్లోనూ సర్వసాధారణం. అంటే స్వరాల విషయంలో అమామి ఉత్తరానికి చుట్టం, భాష విషయంలోనూ వాద్యం విషయంలోనూ దక్షిణానికి చుట్టం. నేను చెబుతున్నది స్వరస్థానాల పోలిక మాత్రమేనని గుర్తుంచుకోండి. ఆ పాటలు శుద్ధ ధన్యాసిలో ఉన్నాయని రాస్తే, రాగమంటే స్వరాల జాబితా కాదని తెలిసిన మీరే ముందు నన్ను నిలదీస్తారు.

వాద్యం రెండు చోట్లా సన్‌షిన్ అనే మూడు తీగల తంత్రీ వాద్యమే. దాని బుర్రకు పాము చర్మం బిగించే సంప్రదాయం ఉంది. ఒకినవాలో గేదె కొమ్ముతో చేసిన మీటును చూపుడు వేలికి తొడుక్కుని లావు తీగలను మీటుతారు. అమామిలో తీగలు సన్నవి, శ్రుతి పైది, మీటడానికి సన్నని వెదురు పుల్ల. పుల్లను కిందికీ పైకీ రెండు వైపులా ఆడిస్తారు గనుక నాదం గలగలమనకుండా గీసినట్టుగా, కాస్త కరుకుగా వస్తుంది. గొంతు విరుపును అనుకరించే వాద్యం కావాలంటే ఇంతకంటే తగినది దొరకదు.

ఈ చుట్టరికాల వెనుక చరిత్ర ఉంది. అమామి మొదట ర్యుక్యు రాజ్యంలో, అంటే నేటి ఒకినవా కేంద్రంగా ఉన్న రాజ్యంలో భాగం. 1609లో సత్సుమా సేనలు దండెత్తి వచ్చి అమామి దీవులను విడదీసి తమ ఏలుబడిలోకి తీసుకున్నాయి. ఆ తర్వాత చెరకు తప్ప మరేదీ పెద్దగా పండించనివ్వకుండా నల్లబెల్లాన్ని పన్నుగా గుంజారు. పన్ను కట్టలేని వారు సంపన్నుల ఇళ్లలో ‘యంచు’లుగా, అంటే అప్పుకు కట్టుబడిన పనివారుగా, చేరిపోయారు. కన్‌త్సుమె అనే అటువంటి పనిపిల్ల యజమానుల హింస తాళలేక ఉరి వేసుకుందన్న కథ మీద ఒక పాటే ఉంది. రాత్రివేళ దానిని పాడకూడదని పెద్దలు అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946 నుంచి అమామి అమెరికా సైన్యం పాలనలో ఉండి, 1953 డిసెంబరు 25న జపాన్‌కు తిరిగి చేరింది. ఒకినవా 1972 దాకా ఆగవలసి వచ్చింది. ఆ పద్దెనిమిదేళ్ల పైచిలుకు ఎడం కూడా రెండు చోట్ల పాటలను వేరు దారుల్లో నడిపించింది.

ప్రశ్న: ఆమె మొదటి పాట ‘వదత్సుమి నొ కి’ వింటే వెనుక లయ రెగ్గేలా ఉంది, కీబోర్డులు ఉన్నాయి, సన్‌షిన్ జాడ లేదు. ఇది జానపదం ఎలా అవుతుంది? ఆ యువ గాయని దీవి పాటను సినిమా పాటలా చేసి అమ్ముకున్నట్టు కాదా? (సంగీత విద్యార్థి, తిరుపతి)

జవాబు: ముందుగా ఒక చిన్న సవరణ. మీరు విన్న పాట 2002 నాటిది. ఆమె 1979 జనవరిలో పుట్టారు. ఆ పాటలో వినబడేది ఇరవై మూడేళ్ల అమ్మాయి. అప్పటి ఆమెను యువ గాయని అనడం సరే, ఇప్పటి ఆమెను కాదు.

ఆ పాట జానపదం కాదు. అది జానపదమని ఆమె కూడా చెప్పుకోలేదు. దానిని రాసి బాణీ కట్టింది ఉఎదా గెన్ అనే రాక్ సంగీతకారుడు. ఆయన 2008లో కన్నుమూశారు. వదత్సుమి అంటే జపాన్ ప్రాచీన భాషలో సముద్ర దేవుడు, సముద్రం అని కూడా అర్థం. పేరును తెలుగు చేస్తే ‘కడలి దేవుని చెట్టు’ అనవచ్చు. 2002 ఫిబ్రవరిలో విడుదలై, మొదటి వారంలోనే ఎగిసిపడకుండా నోటి మాట మీద నెమ్మదిగా పాకుతూ, వారాల తర్వాత ఒరికాన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది జులైలో వచ్చిన తొలి ఆల్బమ్ ‘హాయినుమికజె’ కూడా మొదటి స్థానం అందుకుంది.

అమ్ముకున్నారన్న మాటకు జవాబు చెప్పాలంటే, ఆమె వచ్చిన దారి చూడాలి. చిన్నప్పుడే సన్‌షిన్ పట్టి, ఊరి పెద్దల పక్కన కూర్చుని పాటలు నేర్చుకున్న పిల్ల ఆమె. హైస్కూల్లో ఉండగానే, నజె పట్టణంలో వాద్యాలు అమ్ముతూ దీవి పాటలను రికార్డు చేసి విడుదల చేసే సెంట్రల్ గక్కి దుకాణం ఆమె పాటలను తెచ్చింది. 1996లో, ఇంకా హైస్కూలు విద్యార్థినిగానే, అమామి జానపద గీతాల పోటీలో అత్యున్నత పురస్కారాన్ని అప్పటివరకు ఎవరూ అందుకోనంత చిన్న వయసులో గెలిచారు. అటువంటి పిల్ల ఆ వెంటనే గాయని కావాలని పరుగెత్తిందని మనం అనుకుంటాం. ఆమె కేశాలంకరణ పని నేర్చుకుందామని ఒసాకా వెళ్లారు. జుట్టుకు వాడే రసాయనాలు చర్మానికి పడక ఆ పని వదిలేయవలసి వచ్చింది. ఆ తర్వాతే తొక్యో, సంగీతం. ఊళ్లో పాట వృత్తి కాదు గనుక, బాగా పాడే మనిషి కూడా బతుకుతెరువు కోసం కత్తెర పట్టుకోవాలనుకోవడం అక్కడ సహజం. దీవిలో మంచి గాయకుణ్ణి ‘ఉతాషా’ అంటారు. ఆ మాటకు ‘పాటమనిషి’ అనే అర్థం తప్ప ‘కళాకారుడు’ అన్న బిరుదు ధ్వని లేదు. పగలు చేపలు పట్టి, రాత్రి పాడేవాడూ ఉతాషాయే.

కాబట్టి రెగ్గే లయ, కీబోర్డులు వచ్చి చేరినందుకు నాకేమీ అభ్యంతరం లేదు. ఆ పాటలో నాకు వెలితిగా తోచేది మరొకటి. అమామిలో పాట పుట్టేది ‘ఉతా అసొబి’లో, అంటే పాటల ఆటలో. సాయంత్రం ఒకరి ఇంట్లో నలుగురూ చేరతారు. నల్లబెల్లం సారా, నంజుకోవడానికి ఏదో ఒకటి ఉంటాయి. మొదట ‘అసబనా బుషి’ పాడతారు. అది పలకరింపు పాట, గొంతులు సవరించుకునే పాట. ఒకరు ఒక చరణం పాడతారు, ఎదుటివారు అదే బాణీలో మరొక చరణంతో బదులిస్తారు. చరణం కొలత సాధారణంగా 8, 8, 8, 6 అక్షరాలు. తెలిసిన చరణాలు వందల కొద్దీ ఉంటాయి. వాటిలో ఎదుటివారు ఇప్పుడు అన్నదానికి తగినదాన్ని తీసి వేయడంలో, లేదా అప్పటికప్పుడు అల్లడంలో నేర్పంతా ఉంది. పక్కన మరొకరు ‘హయషి’ అందుకుంటారు. మన బుర్రకథలో వంత ఎలా కథకుణ్ణి నిలబెడుతుందో అది అలా పాడేవారిని నిలబెడుతుంది. ఇంతమంది ఉంటేనే పాట. ఒంటరిగా పాడుకోవడం అంటే ఒక్కరే చదరంగం ఆడుకోవడం.

రికార్డింగ్ గదిలో ఆ ఎదుటి గొంతు ఉండదు. ‘వదత్సుమి నొ కి’లో ఆమె ప్రతి పాదం చివర గొంతు విరిచి వదిలినప్పుడు, దీవి అలవాటు ప్రకారం అక్కడ ఎవరో అందుకోవాలి, అందుకునేది వాద్యాల హోరు మాత్రమే. తొక్యో శ్రోతలు దానిని ఏకాంతపు వేదనగా విన్నారు, మెచ్చుకున్నారు. నాకు అది బదులు కోసం చాచిన చేయిలా వినబడుతుంది. ఇది నా వినికిడి. ఆమె ఇలా అన్నారని నేను చెప్పడం లేదు. మీరు మీ చెవితో విని, కాదనిపిస్తే రాయండి.

ప్రశ్న: ఆమె హిరోషిమాలో పాడిన పాట గురించి ఎక్కడో చదివాను. వివరాలు చెబుతారా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు)

జవాబు: తుర్కీ కవి నాజిమ్ హిక్మెత్, అణుబాంబుకు ఏడేళ్ల వయసులో బలైన పిల్ల తానే తలుపు తట్టి మాట్లాడుతున్నట్టు రాసిన కవితకు జపాన్ భాషలో ఒక గీతరూపం ఉంది. దానిని ఆమె 2005 ఆగస్టు 5న, బాంబు పడి 60 ఏళ్లు నిండడానికి ముందురోజు, హిరోషిమాలో బాంబు ధాటికి శిథిలమై మిగిలిన అణు గుమ్మటం ముందు పాడారు. పియానో వాయించింది ప్రసిద్ధ జపాన్ సంగీతకర్త సకమొతొ ర్యుఇచి. అక్కడ గుయిన్ చాలా పొదుపుగా వాడారు. అంత కన్నీటి మాటలకు గొంతు విరుపు కూడా తోడైతే అతి అయ్యేది. ఎక్కడ విరవాలో తెలిసినవారికే ఎక్కడ విరవకూడదో తెలుస్తుంది.

ప్రశ్న: ఆమె తర్వాత ఇంకెవరైనా యువ గాయకులు ఆ దీవి నుంచి వచ్చారా? వారికి ఆ భాష వచ్చా, లేక మాటలు బట్టీ పట్టి పాడతారా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: వచ్చారు. 1980లో పుట్టిన అతారి కొసుకె 2006లో పెద్ద రికార్డు సంస్థ ద్వారా పరిచయమయ్యారు. 2008లో వచ్చి తైవాన్‌లో విపరీతంగా ఆడిన ‘కేప్ నంబర్ సెవెన్’ సినిమాలో తెర మీద కూడా కనిపించారు. మగ గొంతులో గుయిన్ ఎలా ఉంటుందో తెలియాలంటే ఆయన్ని వినండి. 1989లో పుట్టిన కిజుకి మినామి 2009లో వచ్చారు. కరఓకె పోటీల టీవీ కార్యక్రమంలో వరుస గెలుపులతో ఇంటింటికీ తెలిసిన పేరయ్యారు. సతొ అన్నా అనే మరో అమామి గాయని గొంతు 2018లో ‘సెగొదొన్’ అనే టీవీ చారిత్రక ధారావాహిక శీర్షిక సంగీతంలో ఏడాదంతా వినిపించింది. ఆ ధారావాహిక నాయకుడు, సత్సుమా యోధుడు సైగొ తకమొరి 1859 నుంచి 1862 వరకు అమామిలో ప్రవాసం గడిపిన మనిషి, కనుక ఆ ఎంపికలో ఔచిత్యం ఉంది.

భాష సంగతి అంత సంతోషకరం కాదు. అమామి భాషను జపాన్ భాషకు మాండలికమని చాలాకాలం కొట్టిపారేశారు గాని, తొక్యో మనిషికి అది ఒక్క ముక్క అర్థం కాదు. 2009లో యునెస్కో దానిని నశించే ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో చేర్చింది. అంతకు ముందు తరాల్లో బడిలో ఊరి భాష మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్క పలక వేలాడదీసేవారు. మరొకరు అదే తప్పు చేసి దొరికేదాకా ఆ పలక ఆ పిల్ల మెడలోనే ఉండేది. తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేసిన వార్తను మన పత్రికల్లోనే చదివిన వారికి ఇది వివరించనక్కర్లేదు. ఫలితంగా ఈనాటి యువ గాయకులు ఇంట్లో, వీధిలో మామూలు జపాన్ భాషే మాట్లాడుతూ, పాట కోసం పాత మాటలను పెద్దల దగ్గర నేర్చుకుంటారు. అర్థం తెలిసి పాడతారు, నిజమే. కాని ఉతా అసొబిలో ఎదుటివారికి అప్పటికప్పుడు చరణం అల్లి బదులివ్వాలంటే అర్థం తెలిస్తే చాలదు; ఆ భాషలో కోపం రావాలి, పరిహాసం రావాలి. పోటీ వేదిక మీద ఒక్కరే నిలబడి, పాత చరణాలనే అచ్చంగా పాడి పతకం తెచ్చుకునే పద్ధతి పెరగడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. పోటీలు లేకపోతే పిల్లలు ఆ మాత్రమైనా నేర్చుకోరన్న వాదన కూడా ఉంది. దానిని నేను తోసిపుచ్చలేను. చితొసె లోకానికి తెలిసిందే పోటీ వల్ల.

అక్కడ ఒక పాట మనసుకు తగిలితే ‘నత్సుకషా’ అంటారు. జపాన్ భాషలో దీనికి దగ్గరి మాట ఉంది గాని, దాని అర్థం పాతది గుర్తుకు రావడం వరకే. అమామిలో ఆ మాట నిన్న పుట్టిన పాటకూ చెల్లుతుంది: గుండె పిండినట్టుంది, దగ్గరిగా ఉంది, విడిచిపెట్టలేను, ఇన్నీ ఒకే మాటలో. గొంతు బాగుందనడం అక్కడ సామాన్యమైన మెప్పు. నత్సుకషా అనిపించుకోవడం పెద్ద మెప్పు.

ప్రశ్న: ఇంత చదివాక వినాలనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (పలువురు పాఠకులు)

జవాబు: అందరూ ‘వదత్సుమి నొ కి’తో మొదలుపెడతారు. మీరు దానిని రెండోసారికి ఉంచండి. చితొసె కొన్నేళ్ల తర్వాత తొక్యో విడిచి అమామికే తిరిగి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. తొలి పాటకు పదహారేళ్ల తర్వాత, 2018లో, పూర్తిగా షిమాఉతాలతోనే ఒక సంకలనం తెచ్చారు. సన్‌షిన్, గొంతు, చాలావరకు అంతే. అందులో కొన్ని పాటలకు తోడుగా అతారి కొసుకె వచ్చి గొంతు కలిపారు. మరుసటి ఏడాది ఆ పాటలనే సకమొతొ తదితరులు ఎలక్ట్రానిక్ నాదాలతో మార్చి కట్టారు. ఆసక్తి ఉన్నవారు అది కూడా వినవచ్చు, నాకు మాత్రం మొదటిదే చాలు. ఆ సంకలనాన్ని రాత్రివేళ దీపం తగ్గించి, ఆమె చరణం చివర గొంతు విరిచి వదిలిన చోట చెవి పెట్టి వినండి. ఈసారి అవతలి నుంచి ఒక గొంతు అందుకుంటుంది.